మసక మాటల పట్టిక

"ఉన్ని," అన్నాడు ఆస్‌గ్రిముర్. "దీనికి ఇంకో మాట వెతకడం శుద్ధ దండగ. ఉన్ని జవాబు. మా అమ్మ అస్తమానం అనేది, 'తిన్నగా చెప్పి చావరా, ఉన్ని జవాబులు చెప్పకు' అని. గొర్రెకి బొచ్చు తియ్యకపోతే ఎక్కడ ఒళ్ళో ఎక్కడ ఉన్నో తెలుస్తుందా? ఇదీ అంతే."

"ఆ మాట ఇదివరకే ఇంకోదానికి ఇచ్చేశాం," అన్నాడు కెటిల్, కార్డుల పెట్టెలో వేళ్ళు ఆడిస్తూ. "కావాలని తప్పించుకునే జవాబుకి. ఇది వేరు. ఇందులో చెప్పేవాడి తప్పేమీ లేదు. వాడికే సరిగ్గా తెలీదు."

"తెలీనివాడు నోరు మూసుకోవాలి. దానికి మాటెందుకు?"

హ్రెఫ్నా నవ్వి ఫ్లాస్కు మూత తిప్పింది. సెల్‌వీక్ బడి గ్రంథాలయంలో చిన్నపిల్లల కుర్చీల మీద ముగ్గురూ మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉన్నారు. మంగళవారం మధ్యాహ్నం బడి వదిలాక ఆ గది మాటల సంఘానిది. చేపల పనికీ, పడవలకీ, పనివాళ్ళ భద్రతకీ సంబంధించి ఇంగ్లీషులో ఉన్న మాటలన్నిటికీ ఐస్‌లాండు మాటలు కట్టడం వీళ్ళు నెత్తికెత్తుకున్న పని. జీతం లేదు, బత్తెం లేదు. కెటిల్ తెచ్చే కాఫీ, ఆస్‌గ్రిముర్ భార్య వేయించి పంపే పిండి మెలికలు, అంతే. పరాయి మాటకి తోక కత్తిరించి వాడేసుకోవడం వీళ్ళకి తలవంపులు. ఒక్కో ఇంగ్లీషు మాటకి ఒక్కో సొంత మాట ఉండాలి. రెండు మాటలకి ఒకే మాట పంచి ఇవ్వడానికి కెటిల్ చచ్చినా ఒప్పుకోడు. నలభై ఏళ్ళు హెడ్మాస్టరుగా ఊళ్ళో సగంమంది చేత వ్యాసాలు తిరగరాయించిన మనిషి ఆయన, ఒప్పుకుంటాడా?

మిగిలింది ఒక్క కాగితమే. తేటగా లేనివాటికి, కొలతకి అందనివాటికి, ఇదీ అని తేల్చనివాటికి ఇంగ్లీషులో ఉన్న ఎనిమిది మాటలు. ప్రతి ఏడూ ఆ కాగితం దగ్గరికి రావడం, కొట్టుకోవడం, దాన్ని అడుగున పెట్టడం. ఈసారి ఇక తప్పించుకునే దారి లేదు. పట్టికని ముద్రణకి ఇవ్వాలి.

"వెలుగు లేనిది, ఒకటి," కెటిల్ కార్డు మీద రాశాడు. "గురి తప్పింది, రెండు. లంగరు లేకుండా తేలేది, మూడు. ఇది బాగుంది హ్రెఫ్నా, నీదే కదా? మిగతావాటికి ఎన్ని పేర్లు పెట్టినా, ఆఫీసు కాగితాల్లో వీటి మొహం చూడాల్సిన పని మాత్రం మనకి ఉండకూడదు. నీ నియమం ఉందిగా."

ఉంది. రెండేళ్ళ కిందట హ్రెఫ్నాయే రాసింది. నీళ్ళు కలిసిన మాటలు అసలులో ఎన్ని ఉన్నా ఐస్‌లాండు కాగితంలోకి రానివ్వకూడదు, అనువాదకులు వాటిని వడగట్టాలి, తేటగా రాయాలి. సంఘం దాన్ని అన్ని ఆఫీసులకీ పంపితే, వాళ్ళు మహా సంతోషంగా ఉత్తరాలు రాశారు. ప్రభుత్వ ముద్ర ఉన్న అనువాదకురాలు ఈ తీరంలో ఆమె ఒక్కతే. ఆ ఉత్తరాల్లో ఒకటి ఆమె ఇంట్లో ఫ్రిజ్ మీద ఇప్పటికీ ఉంది.

"ఏమో, అనుకుంటా, అలాంటిదే... ఈ మాటలు తీసేస్తే మన ఫిలిప్పీన్స్ వాళ్ళు ఎలా మాట్లాడతారో పాపం," అన్నాడు ఆస్‌గ్రిముర్ పిండి మెలిక కాఫీలో ముంచుతూ. పడవల్లో ఇంజను మెకానిక్కుగా చేసి దిగిపోయిన మనిషి. వేలిగోళ్ళలో నూనె నలుపు ఇంకా పోలేదు. "అన్నట్టు, ఆ నెస్టోర్‌ని పంపేస్తున్నారట, విన్నారా?"

"ఏ నెస్టోర్?"

"చేపల ఫ్యాక్టరీలో తలలు నరికే యంత్రం దగ్గర ఉండేవాడు. జనవరిలో రెండు వేళ్ళ కొసలు పోయాయే, అతను. తప్పు అతనిదేనని తేల్చారట. మా అమ్మాయి అక్కడే కదా, నిన్న చెప్పింది. యంత్రం మూత తీసి ఉందట. పని జరిగేటప్పుడు మూత తీసి ఉంటే ఆ తప్పు కంపెనీది. కాఫీ వేళలో తీసి ఉంటే, తీసి చెయ్యి పెట్టినవాడిది. ఇతనేమో మూడు గంటలకి జరిగిందని తనంతట తనే చెప్పాడట!"

"మూడింటికా?" కెటిల్ కళ్ళజోడు తీశాడు. "మూడింటి కాఫీ మానేసి యంత్రం దగ్గర ఏం పని మనిషికి? పడవ మునుగుతున్నా మూడింటి కాఫీకి లేస్తారు మనవాళ్ళు."

"అదే కదా వాళ్ళూ అన్నది. అందరూ కాఫీ గదిలో ఉండగా ఒక్కడూ దొంగచాటుగా వెళ్ళి యంత్రం తిప్పాడంటే తప్పెవరిది? శుక్రవారం పన్నెండు లోపల ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఇక ఖాయం. ఉండే అనుమతి ఆ ఉద్యోగానికే కట్టి ఉందాయె. పెళ్ళాన్నీ పిల్లనీ తీసుకుని మూట సర్దుకోవడమే."

హ్రెఫ్నా చేతిలో కప్పు సగం దారిలో ఆగింది. ఆ కాగితం ఫిబ్రవరిలో ఆమే చేసింది. రాజధానిలో పనివాళ్ళ భద్రత చూసే ఆఫీసువాళ్ళు ఇంగ్లీషులో తీసుకున్న వాంగ్మూలం అది. రికార్డింగ్ పంపారు, ఐస్‌లాండు భాషలో రాసి ముద్ర వేసి పంపమన్నారు. వాక్యం గుర్తుంది. ప్రమాదం మూడు గంటలకు జరిగింది. అప్పుడు చదువుకుంటే ఎంత ముచ్చటగా అనిపించిందో.

"నాలుగో మాటకి ఏమంటావ్?" కెటిల్ అడిగాడు.

"నాకు తోచడం లేదు," అంది హ్రెఫ్నా. నిజంగానే తోచలేదు.

ఇంటికి వచ్చి చేతి గ్లోవ్స్ కూడా తియ్యకుండానే కంప్యూటర్ తెరిచింది. మంచు కరిగిన నీళ్ళు బూట్ల నుంచి గుమ్మం దగ్గర కారుతున్నాయి. ఇంకా వెలుతురు ఉంది. కిటికీలోంచి రేవూ, రేవు పక్కన ఫ్యాక్టరీ తెల్ల గోడా కనిపిస్తున్నాయి. ఫైలు దొరికింది. పద్నాలుగు నిమిషాలు. చెవులకి హెడ్‌ఫోను తగిలించి, ఒక తెల్ల కాగితం ముందు పెట్టుకుంది.

మనిషి గొంతు మెత్తగా, దగ్గర దగ్గరగా వినిపించింది. అడిగేవాడు కుర్రాడు, మర్యాదస్తుడు. ఎప్పుడు జరిగింది అని అడిగాడు.

"మూడు... మూడు దగ్గర్లో అనుకుంటా సార్. మరీ అంత కాదేమో. ఏమో. కాఫీ వాసన ఇంకా రాలేదనుకుంటా. వచ్చిందా? వచ్చినట్టు లేదు. అదోలా... గ్లోవ్స్ ఉంటాయి కదా సార్, చేతికి వాచీ పెట్టుకోనివ్వరు. నాకు సరిగ్గా చెప్పడం రాదు."

హ్రెఫ్నా వెనక్కి తిప్పింది. మళ్ళీ విన్నది. మళ్ళీ వెనక్కి తిప్పింది. ప్రతి నీళ్ళ మాట వినబడగానే కాగితం మీద ఒక గీత గీసింది. మూడుసార్లు విన్నాక గీతలు లెక్కపెట్టింది. ఆ ఒక్క జవాబులో తొమ్మిది. తన అనువాదంలో ఒక్కటి లేదు. కాఫీ వాసన సంగతి అసలే లేదు. అది కబుర్ల కింద కట్టేసి కొట్టేసినట్టుంది. కొట్టేసినట్టు కూడా ఆమెకి గుర్తు లేదు. అంత అలవాటు.

సరే, మూడు కాదు. మరి ఎంత? కాఫీకి ముందా? ముందే అన్నాడా? అనుకుంటా అన్నాడు, వచ్చిందా అని తననే అడుక్కున్నాడు, మళ్ళీ లేదన్నాడు. పదోసారి వినేసరికి మాటలకి మాటలే అర్థం కాకుండా పోయాయి. మూడు దగ్గర్లో అంటే ఇటువైపు దగ్గరా, అటువైపు దగ్గరా? ఈ మనిషి ఏం చెప్పినట్టు? పాతికేళ్ళుగా ఊరందరి కాగితాలూ తేట చేసిన ఆడమనిషి, నిమిషంన్నర మాటల ముందు పరీక్ష తప్పిన పిల్లలా కూర్చుండిపోయింది.

బుధవారం మధ్యాహ్నం నెస్టోర్ ఇంటి తలుపు కొట్టింది. రేవు వెనక ఇనుప రేకుల ఇల్లు, కింది అంతస్తు. అతని భార్య లూర్దెస్ తలుపు తీసి, ఆఫీసు మనిషేమోనని ఒక క్షణం మొహం బిగించుకుంది. హ్రెఫ్నా బూట్లు విప్పి గుమ్మం దగ్గర సరిగ్గా పెట్టి, నేను అనువాదకురాల్ని అని చెప్పింది.

"రండి మేడమ్, రండి," అని లోపలినుంచి నెస్టోర్ లేచాడు. ఎడంచేతి రెండు వేళ్ళకీ గులాబీరంగు కొత్త చర్మం. అన్నం కుక్కర్ ఆవిరి గదంతా నిండి ఉంది. గోడవారన రెండు అట్టపెట్టెలు, ఒకదాంట్లో అప్పుడే పిల్ల బడి పుస్తకాలు సర్దుతున్నట్టున్నారు.

"మేడమ్ అనకు నాయనా. హ్రెఫ్నా. ఇక్కడ దేశాధ్యక్షుణ్ణయినా పేరు పెట్టే పిలుస్తాం."

"అలవాటు పోదు మేడమ్," అన్నాడు, నవ్వుతూ.

ఆమె సోఫా అంచున కూర్చుని సంచిలోంచి కాగితాలు తీసింది. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూనే వచ్చింది. తీరా వచ్చాక అన్నీ కలగాపులగమయ్యాయి. "నెస్టోర్, నీ వాంగ్మూలం గురించి. నేను రాసినదాంట్లో ఒక పొరపాటు ఉందేమోనని... నువ్వు మూడు గంటలన్నావా?"

"అవును. మూడింటికి."

హ్రెఫ్నా కాగితాల మీంచి తలెత్తింది. "సరిగ్గా మూడింటికేనా?"

"సరిగ్గా మూడే. గడియారం చూశాను మేడమ్. తలుపు మీద ఉంటుంది కదా పెద్దది. పెద్ద ముల్లు నిలువుగా ఉంది. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనబడుతుంది."

"ఏ గడియారం?" లూర్దెస్ గరిట పట్టుకునే వంటగదిలోంచి వచ్చింది. "యంత్రాల హాల్లో గడియారం ఎక్కడుంది? ఉన్నది కాఫీ గది లోపల. యంత్రం దగ్గర్నుంచి ఎలా కనబడుతుందయ్యా నీకు, గోడకి కన్నం పెట్టావా? నేనూ ఆరేళ్ళు చేశాను ఆ హాల్లో."

నెస్టోర్ ఆమె వైపు చూశాడు. తర్వాత తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. "చూశాను," అన్నాడు. ఈసారి గొంతు తగ్గింది.

"వీణ్ణి నమ్మకండి అమ్మా," అంది లూర్దెస్. "ఆ రోజు తెగిన వేళ్ళని గ్లోవులో చుట్టుకుని, ఎవర్నీ పిలవకుండా బట్టలు మార్చుకునే గదిలో కూర్చున్నాడు. అందరికీ ఇబ్బంది ఎందుకని! నేను వెళ్ళి చూసేసరికి బల్ల కింద రక్తం మడుగు. ఎప్పటినుంచి కూర్చున్నాడో దేవుడికే తెలియాలి. మొదట్లో వీడు మూడనలేదు. నాతో ఏమో, తెలీదు, మధ్యాహ్నం అనేవాడు. ఆ కాగితం వచ్చాక మొదలుపెట్టాడు."

"ఏ కాగితం?"

నెస్టోర్ లేచి అలమార తీశాడు. ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. హ్రెఫ్నా అనువాదం. కింద ఆమె సంతకం, గుండ్రటి ముద్ర. ఆ పక్కన నెస్టోర్ సంతకం. మడతల దగ్గర కాగితం అరిగిపోయి ఉంది.

"మా అమ్మాయి నాకు చదివి చెప్పింది," అన్నాడు. "దానికి ఐస్‌లాండు భాష బాగా వచ్చు. చాలాసార్లు చదివించుకున్నాను. ఎంత బాగా రాశారు మేడమ్! నేను అలా మాట్లాడగలనని నాకే తెలీదు. తప్పు నాదే. కాఫీ వేళలో నేనెందుకు వెళ్ళానో, అదొక్కటే గుర్తు రావడం లేదు. అది కూడా వస్తుంది నెమ్మదిగా."

హ్రెఫ్నా ఆ కాగితాన్ని మడతల వెంబడే మళ్ళీ కవర్లో పెట్టింది. లూర్దెస్ ఒక గిన్నెలో అన్నం, వేయించిన చేపముక్క పెట్టి ఆమె చేతికిచ్చింది. తినకపోతే బాగుండదని తినడం మొదలుపెట్టింది. రుచి తెలియడం లేదు.

"కాఫీ వాసన వచ్చిందా అప్పుడు?" అని అడిగింది చివరికి.

"మూడింటికి వాసన రాకుండా ఎలా ఉంటుంది మేడమ్? మూడింటికి పది నిమిషాల ముందే కదా పెద్ద కుండ పొయ్యి మీద పెడతారు. చేపల కంపుని కూడా కొట్టేస్తుంది ఆ వాసన. వచ్చింది."

ఆమె గిన్నె పక్కన పెట్టి ఫోన్ తీసింది. రికార్డింగ్ నొక్కింది. గది నిండా అతని గొంతే. మూడు దగ్గర్లో అనుకుంటా సార్. మరీ అంత కాదేమో. ఏమో. నెస్టోర్ తల ఒక పక్కకి వంచి, ఎవరో పరాయివాడు చెబుతున్నట్టు శ్రద్ధగా విన్నాడు. వాసన వచ్చినట్టు లేదు అన్న దగ్గర కనుబొమలు ముడిచాడు.

"ఇది నేనేనా?"

"కాక ఇంకెవరు?" అంది లూర్దెస్. "అన్నం ఉడికిందా అంటే ఉడికిందనుకుంటా అనే మనిషివి నువ్వే. పద్దెనిమిదేళ్ళుగా వింటున్నాను."

"కానీ మేడమ్," అన్నాడు నెస్టోర్, ఆమెని ఓదారుస్తున్నట్టు, "ఆ ఫోన్లో అతనికేమీ తెలీదు. మీ కాగితమే సరైనది. దానికి ముద్ర కూడా ఉంది."

గురువారం పొద్దున్నే కూర్చుని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఒక్క మాట కూడా వదలకూడదనుకుంది. వదలకూడదనుకుంటే సరిపోతుందా, పెట్టడానికి మాటలుండాలి కదా! మొదటి 'అనుకుంటా' వేరు, రెండో 'అనుకుంటా' వేరు. మొదటిది గుర్తు చేసుకుంటున్నవాడిది, రెండోది ఎదుటివాణ్ణి నొప్పించకూడదనుకునేవాడిది. 'ఏమో' అన్నప్పుడు చిన్న నవ్వుంది, ఆ నవ్వుని ఎక్కడ పెట్టాలి? 'అదోలా' అనడం దేని గురించి? నొప్పి గురించా, వేళ గురించా, వాసన గురించా? సంఘం కార్డుల్లోంచి వెలుగు లేనిదాన్ని ఒకచోట పెట్టి చూసింది. నప్పలేదు, మరీ కవిత్వంలా ఉంది. లంగరు లేకుండా తేలేదాన్ని 'మూడు దగ్గర్లో' పక్కన పెడితే, ఆశ్చర్యం, కుదిరింది. ఒక వాక్యం రాయడం, గట్టిగా చదవడం, రికార్డింగ్ వినడం, కొట్టేయడం. నిమిషంన్నర మాటకి నాలుగు గంటలు పట్టింది. చివరికి వచ్చిన పేరా చూస్తే ఆమెకే కళ్ళు తిరిగాయి. పిల్లి ఆడిన నూలుండలా ఉంది. మొదటి కొస ఏదో కూడా తెలియడం లేదు. కానీ గట్టిగా చదివితే మాత్రం నెస్టోర్ గొంతే వినబడింది.

ముద్ర వేసి, ఆఫీసుకి మెయిలు పంపి, తువ్వాలు తీసుకుని ఈతకొలనుకి వెళ్ళింది. గురువారం మూడు దాటాక కెటిల్, ఆస్‌గ్రిముర్ వేడినీళ్ళ తొట్టిలో ఉంటారు. ఊళ్ళో ఏ గొడవైనా ఆ తొట్టిలో తేలాల్సిందే. మంచు చినుకులు పడుతున్నాయి. కెటిల్ గడ్డం దాకా వేడినీళ్ళలో ఉండి నెత్తిన ఉన్ని టోపీ పెట్టుకున్నాడు. హ్రెఫ్నా తొట్టిలోకి దిగి, జరిగిందంతా చెప్పింది.

"రెండో అనువాదం పంపావా?" కెటిల్ లేచి కూర్చున్నాడు, నీళ్ళు పొర్లాయి. "నీకేమైనా మతిపోయిందా? ముద్ర వేసినదాని మీద ముద్రా? ఇక ఈ తీరంలో నువ్వు చేసిన ఏ కాగితాన్ని నమ్ముతారు? మన పట్టిక మీద నీ పేరుంది. నియమం రాసింది నువ్వు!"

"అందుకే కదా."

"ఏమందుకే? అతను ఇప్పుడు మూడనే అంటున్నాడని నువ్వే చెప్పావు. అయితే నీ మొదటి అనువాదం సరైనదే కదా?"

ఇదే పొద్దుటినుంచి ఆమె బుర్ర తొలుస్తున్న ప్రశ్న. "అప్పుడు అనలేదు," అంది. "ఇప్పుడు అంటున్నాడు. అనిపించింది నేను. నా కాగితం చదువుకుని నేర్చుకున్నాడు కెటిల్. లేని గడియారాన్ని చూస్తున్నాడు."

"నిజంగానే మూడింటికి జరిగి ఉంటే?"

"ఉండొచ్చు."

"ఉండొచ్చు! చూశావా? నీకే తెలీదు. తెలీనిదాని కోసం పాతికేళ్ళ పేరు నీళ్ళలో కలుపుకుంటావా?"

హ్రెఫ్నా గడ్డం దాకా నీళ్ళలోకి జారింది. వేడికి మొహం మండుతోంది, నెత్తిన మంచు చల్లగా కురుస్తోంది.

"ఇంజను గదిలో నూనె వేడి రాసే పుస్తకం ఉండేది," అన్నాడు ఆస్‌గ్రిముర్ ఎటో చూస్తూ. "ముల్లు వణుకుతూ ఉంటుంది కదా, నేను ప్రతి అంకె ముందూ 'సుమారు' అని రాసేవాణ్ణి. కొత్తగా వచ్చిన కెప్టెన్‌కి ఒళ్ళు మండింది. ఒక అంకె రాయడం చేతకాదా అన్నాడు. సరే అని డెబ్భై రాశాను. నెలంతా డెబ్భై, డెబ్భై, డెబ్భై. ఎంత అందంగా ఉందో పేజీ! ముల్లు వైపు చూడ్డం మానేశాను ఇక, చూసి ఏం చేస్తాను? నెలాఖరుకి ఇంజను పట్టేసింది."

"దానికీ దీనికీ ఏం సంబంధం?" కెటిల్ గయ్యిమన్నాడు.

"ఏమో, ఏదో ఉందనిపించింది," అని ఆస్‌గ్రిముర్ ముక్కుదాకా నీళ్ళలో మునిగాడు.

"వెనక్కి తీసుకో హ్రెఫ్నా," కెటిల్ గొంతు తగ్గించాడు. ఇప్పుడు కోపం లేదు, భయం ఉంది. "రేపు పొద్దున్నే ఫోన్ చేసి, పొరపాటున పంపానని చెప్పు. నీ మంచికే చెబుతున్నాను తల్లీ."

శుక్రవారం పదకొండున్నరకి ఫోన్ మోగింది. తనే చేద్దామని పొద్దున్నుంచి నాలుగుసార్లు తీసి, నాలుగుసార్లూ బల్ల మీద పెట్టేసింది. ఏమని చెయ్యాలో తేలితే కదా! అవతల బ్యార్ట్‌మార్. నెస్టోర్ వాంగ్మూలం తీసుకున్న కుర్రాడు. రికార్డింగులో విని విని, ఆ గొంతు ఆమెకి బాగా తెలిసినవాడిదిలా అనిపించింది.

"హ్రెఫ్నా, నీ రెండో అనువాదం చదివాను. అంటే, చదవడానికి ప్రయత్నించాను," నవ్వాడు. "మొదటిది ఎంత శుభ్రంగా ఉంది! కొత్త ఉద్యోగులకి నమూనాగా చూపిస్తాం తెలుసా? ఇందులో తల ఎక్కడో తోక ఎక్కడో దొరకలేదు. వచ్చినట్టు లేదట, తేలుతోందట. కొత్త విషయమేమీ లేదు కదా ఇందులో? భాషా సవరణలని రాసి ఫైలు వెనకాల పెట్టేస్తాను. నిర్ణయం ఎలాగూ మొదటిదాని మీదే."

"లేదు, అంటే... విషయం ఉంది. ఒక రకంగా," అంది హ్రెఫ్నా.

"ఏమిటది?"

"మొదటిదాంట్లో వేళ కొంచెం... అది మరీ అంత గట్టిగా ఉండాల్సింది కాదేమో అని. అతను అన్న తీరు వేరు. తప్పని కాదు గానీ, ఒక విధంగా చూస్తే..."

"అర్థమైంది, అర్థమైంది. నీకు అంత తృప్తిగా లేదన్నమాట. నీలాంటివాళ్ళు ఎప్పుడూ ఇంకా చెక్కుతూనే ఉంటారు. ఏం ఫరవాలేదు, మాకు మొదటిది చాలు. పన్నెండుకి మూసేస్తున్నాను ఈ ఫైలు. వారాంతం బాగా గడవాలి."

"ఆగు," అంది.

లేచి నిలబడింది. ఇప్పటిదాకా తన నోట్లోంచి వచ్చిన మాటలు తనకే వినిపించాయి. ఒక రకంగానట. ఒక విధంగానట. ఏం భాష ఇది? నెస్టోర్‌కి నిజంగా తెలీక తెలీదన్నాడు. తనకి అన్నీ తెలుసు. తెలిసీ నీళ్ళు నములుతోంది.

"ఉన్నావా?" అన్నాడు బ్యార్ట్‌మార్.

"ఉన్నాను. పెన్ను ఉందా? సరే, కంప్యూటరే తియ్యి. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. దీని మీద కూడా నా ముద్ర వేసి అయిదు నిమిషాల్లో పంపుతాను, కానీ ముందు నీ చేత్తో రాసుకో."

"సరే," అన్నాడు, అయోమయంగా.

"ప్రమాదం మూడు గంటలకు జరిగిందని నెస్టోర్ చెప్పలేదు. ఆ మాట నాది. వేళ తెలీదని అతను తొమ్మిదిసార్లు చెప్పాడు. తొమ్మిదీ నేను కొట్టేశాను. కాఫీ వాసన ఇంకా వచ్చినట్టు లేదని చెప్పాడు. అదీ కొట్టేశాను."

అవతల కీబోర్డు టకటకా మోగి, మధ్యలో ఆగిపోయింది.

"హ్రెఫ్నా, ఇది ఫైల్లోకి వెళ్తే నిర్ణయం నిలవదు. మళ్ళీ మొదటినుంచి విచారించాలి. అది సరే. కానీ నీ ముద్ర సంగతి కూడా పైవాళ్ళకి రాయాల్సి వస్తుంది. నువ్వు ఇంతకాలం చేసినవన్నీ తిరగేస్తారు. నువ్వంటే మాకు... కొంచెం మెత్తగా రాయనా? అనువాదంలో కొంత అస్పష్టత దొర్లి ఉండవచ్చు అని?"

"వద్దు. దొర్లలేదు. నేను చేశాను."

"మరి అతను ఎప్పుడు జరిగిందన్నట్టు రాయను?"

"తెలీదన్నాడని రాయి."

"ఇప్పుడు అడిగితే?"

"ఇప్పుడు మూడంటాడు. ఆ మూడు నేను పెట్టింది. అది కూడా రాయి."

కీబోర్డు మళ్ళీ మొదలైంది. హ్రెఫ్నా ఫోను చెవికి అదిమి పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. రాయడం అయ్యాక మొత్తం చదివి వినిపించమంది. అతను చదివాడు. ఒక్క మాట కూడా మార్చలేదు.